కేంద్ర మంత్రి సభలో ఇచ్చిన మాటను పార్లమెంటు కమిటీ వరకు తీసుకువెళ్లడం ఎలా?

మహిళా సాధికార కమిటీల జాతీయ సదస్సు 2025 సెప్టెంబరు 14, 15 తేదీలలో తిరుపతిలో జరిగినప్పటి నుంచి నన్ను చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. పార్లమెంటు కమిటీలకు అంత అధికారం ఉన్నప్పుడు, మన పని పట్టించుకోని మంత్రిని కమిటీ ముందుకు పిలిపించాలంటే ఎవరికి రాయాలి అని. పాకాల మార్గంలో రోజూ రైలెక్కేవారు అడిగారు, తోతాపురి మామిడికి ధర లేక కాయను తోటలోనే వదిలేసిన రైతులు అడిగారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పడం కంటే అంతా ఒకచోట రాసి ఉంచితే మేలని దీన్ని రాస్తున్నాను.

ముందే ఒక మాట స్పష్టం చేయాలి. మన దేశంలో పార్లమెంటు కమిటీలు సాధారణంగా మంత్రిని సాక్ష్యానికి పిలవవు. కమిటీ ఎదుట కూర్చుని సమాధానం చెప్పేది ఆ శాఖ కార్యదర్శి, ఆయనతో వచ్చే అధికారులు. ప్రజాపద్దుల కమిటీ, అంచనాల కమిటీ వంటి ఆర్థిక కమిటీలు మంత్రిని పిలవరాదని స్పీకర్ ఆదేశాలలోనే ఉంది. 1992లో సెక్యూరిటీల కుంభకోణంపై ఏర్పడిన సంయుక్త పార్లమెంటరీ కమిటీ, స్పీకర్ అనుమతి తీసుకుని ఆర్థిక మంత్రిని, ఆరోగ్య మంత్రిని పిలిచింది. అది మినహాయింపుగానే మిగిలింది. కాబట్టి “మంత్రిగారిని కమిటీకి పిలిపించండి” అని రాసిన ఉత్తరం ఎంత ఆవేదనతో రాసినా ముందుకు కదలదు. కదిలే దారి మరొకటి ఉంది. మంత్రి సభలో లేచి పలికిన ప్రతి మాటా అచ్చులో ఉంటుంది. ఆ మాట పట్టుకుని, దాని గడువు లెక్కపెట్టి, సరైన కమిటీకి సరైన రూపంలో చేర్చగలిగితే శాఖ జవాబు చెప్పక తప్పదు, చివరకు మంత్రి కూడా సభలో ప్రకటన చేయవలసి వస్తుంది.

కావలసినవి

ఒక నోటుపుస్తకం, ఇంటర్నెట్ ఉన్న ఫోను లేదా కంప్యూటరు, ఇంగ్లీషు లేదా హిందీ చక్కగా రాయగలిగిన ఒక మనిషి, మీ లోక్‌సభ సభ్యుని కార్యాలయ చిరునామా. వీటితోపాటు కనీసం ఏడాది ఓపిక కావాలి. నెలలో తేలుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

1. విషయం కేంద్రానిదా, రాష్ట్రానిదా తేల్చుకోండి

రైల్వేలు, జాతీయ రహదారులు, ఐఐటీ, పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చంద్రగిరి కోట వంటివి కేంద్రం పరిధిలోవి. పోలీసు ఠాణా, మునిసిపల్ కాలువ, తిరుమల తిరుపతి దేవస్థానాల నిర్వహణ రాష్ట్రం పరిధిలోవి. వాటికి ఆంధ్రప్రదేశ్ శాసనసభ కమిటీలు వేరుగా ఉన్నాయి, అక్కడ కూడా మంత్రుల మాట నెరవేరిందో లేదో చూసే హామీల కమిటీ, ప్రజల విన్నపాలు చూసే పిటిషన్ల కమిటీ ఉంటాయి. కొన్ని విషయాలు రెండింటికీ చెందుతాయి. మామిడి ధర అలాంటిదే. సాగు, మార్కెట్ యార్డులు రాష్ట్రం చూస్తుంది, ధర పడిపోయినప్పుడు ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కేంద్ర వ్యవసాయ శాఖది. అప్పుడు మీ కాగితంలో కేంద్రం వాటా గురించి మాత్రమే అడగండి. కోర్టులో నడుస్తున్న విషయమైతే ఇక్కడే ఆగిపోండి, కమిటీ దాన్ని ముట్టుకోదు. మీ ఒక్కరి పింఛను, మీ ఒక్కరి బదిలీ వంటి సొంత ఫిర్యాదులకు కూడా ఇది దారి కాదు; వాటికి కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ ఉంది.

2. మీ ఎంపీ ఎవరో మరోసారి చూసుకోండి

ఇది చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది, కాని మన ప్రాంతంలో అందరూ పొరపడేది ఇక్కడే. జిల్లా హద్దు వేరు, లోక్‌సభ నియోజకవర్గం హద్దు వేరు. తిరుచానూరు తిరుపతికి ఆనుకునే ఉన్నా చంద్రగిరి శాసనసభ నియోజకవర్గంలో ఉంది. చంద్రగిరి చిత్తూరు లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది. పాకాల కూడా అంతే. శ్రీకాళహస్తి, సత్యవేడు వారి ఎంపీ తిరుపతి ఎంపీ. నగరి, పలమనేరు, కుప్పం వారికి చిత్తూరు ఎంపీ. పుంగనూరు వారు చిత్తూరు ఎంపీకి ఉత్తరాలు రాసి ఎదురుచూస్తుంటారు, వారి ఎంపీ రాజంపేట ఎంపీ. ఎంపీ మీరు ఓటు వేసిన పార్టీవారా కాదా అన్నది ఈ పనిలో అడ్డు కాకూడదు. ప్రతిపక్ష సభ్యుడైనా, అధికార పక్ష సభ్యుడైనా ప్రశ్న వేసే హక్కు ఒకటే.

3. మంత్రి ఇప్పటికే ఏమన్నారో వెతకండి

పార్లమెంటు వెబ్‌సైటు సంసద్ డాట్ ఇన్‌లో లోక్‌సభ, రాజ్యసభ ప్రశ్నోత్తరాలు విడివిడిగా ఉంటాయి. శాఖ పేరు, సభ్యుని పేరు, తేదీలు ఇచ్చి వెతకవచ్చు. ఊరి పేరుతో వెతికేటప్పుడు ఇంగ్లీషులో ఆ పేరుకు ఉండే అన్ని స్పెల్లింగులూ ప్రయత్నించండి. తిరుపతికి, పాకాలకు రెండు మూడు రకాల స్పెల్లింగులు కనిపిస్తాయి. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెబుతారు, ఉపప్రశ్నలు కూడా వస్తాయి. గుర్తు లేనిదానికి జవాబు రాతపూర్వకంగా ఇస్తారు. లోక్‌సభలో రోజుకు మొదటి రకం 20, రెండో రకం 230 వరకు జాబితాలోకి వస్తాయి. మనకు పనికివచ్చేవి ఎక్కువగా రెండో రకంలోనే దొరుకుతాయి, ఎందుకంటే ఊరి పేరుతో సహా వివరాలు అక్కడే ఉంటాయి.

దొరికిన జవాబు మొత్తం దించుకోండి. ప్రశ్న నంబరు, తేదీ, ఏ సభ, ఏ మంత్రి అన్న నాలుగూ నోటుపుస్తకంలో రాసుకోండి. పత్రికలో వచ్చిన వార్త ముక్కను ఆధారంగా పెట్టుకోకండి. బహిరంగ సభలో, విలేఖరుల సమావేశంలో మంత్రి అన్న మాటకు ఈ దారిలో విలువ లేదు. సభలో అన్నదే లెక్క.

అలాంటి జవాబు ఏదీ లేకపోతే నిరాశపడనక్కరలేదు. ఎంపీ చేత ప్రశ్న వేయించండి. ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి సమావేశాల తేదీలు ప్రకటించగానే ఆయన కార్యాలయానికి వెళ్లాలి, సభ మొదలయ్యాక కాదు. ప్రశ్నను మీరే రాసి ఇవ్వండి. ఉదాహరణకు తిరుపతి–పాకాల–కాట్పాడి మార్గాన్ని రెండు వరుసలు చేయడానికి కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. పొడవు 104 కిలోమీటర్లు, అంచనా వ్యయం 1,332 కోట్ల రూపాయలు. దీనిపై “పనులు ఎప్పుడు పూర్తవుతాయి?” అని అడిగితే “త్వరితగతిన పూర్తిచేయడానికి చర్యలు తీసుకుంటున్నాం” అన్న జవాబుతో సరిపెట్టుకోవలసి వస్తుంది. “ఏ మండలంలో ఎంత భూమి సేకరించాలి, ఇంతవరకు ఎంత సేకరించారు, ఈ ఆర్థిక సంవత్సరంలో కేటాయించిన మొత్తం ఎంత, ఖర్చయినది ఎంత?” అని అడిగితే అంకెలు రాయక తప్పదు. లేదా సమాచారం సేకరిస్తున్నామని ఒప్పుకోవాలి. రెండూ మనకు లాభమే.

4. ఆ జవాబు హామీ అవునో కాదో గుర్తించండి

ఈ దారి మొత్తానికి ఆయువుపట్టు ఇదే కనుక ఇక్కడ తొందరపడవద్దు. “విషయం పరిశీలనలో ఉంది”, “నేను దీనిని చూస్తాను”, “సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం” వంటి మాటలను పార్లమెంటులో హామీగా పరిగణిస్తారు. ఇలాంటి వాక్యరూపాలకు ఒక ప్రామాణిక జాబితా ఉంది. పార్లమెంటరీ వ్యవహారాల మంత్రిత్వశాఖ సభా కార్యకలాపాల నుంచి వీటిని ఏరి సంబంధిత శాఖకు పంపుతుంది. మాట ఇచ్చిన తేదీ నుంచి 3 నెలల్లో అది నెరవేరాలి. ప్రభుత్వ హామీల కమిటీ లోక్‌సభలో 1953 నుంచి ఉంది, 15 మంది సభ్యులు. రాజ్యసభలో 1972 నుంచి ఉంది, 10 మంది. నెరవేరని హామీలపై ఈ కమిటీ శాఖ కార్యదర్శిని పిలిచి అడుగుతుంది.

హామీలా కనిపించి హామీ కానివి కూడా ఉంటాయి. “రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరాం”, “నిబంధనల ప్రకారం ఎప్పటికప్పుడు చర్యలు తీసుకుంటారు”, “ప్రాజెక్టు పూర్తి కావడం అనేక అంశాలపై ఆధారపడి ఉంటుంది” అన్నవి చదవడానికి బాగుంటాయి కాని వాటిలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అలాంటి జవాబు వస్తే దాని వెంటపడి కాలం వృథా చేయక, మరో ప్రశ్న తయారుచేయండి. లోక్‌సభలో ఒక జవాబు మీదనే అరగంట చర్చ కోరే వెసులుబాటు కూడా 55వ నిబంధన కింద ఉంది. విషయం గట్టిదైతే మీ ఎంపీకి గుర్తుచేయండి.

జవాబులో అబద్ధమే ఉందని మీ దగ్గర కాగితపు ఆధారం ఉంటే దారి వేరు. మంత్రి ప్రకటనలో తప్పు ఉందని సభ్యుడు స్పీకర్‌కు రాయడానికి స్పీకర్ ఆదేశాలలోని 115వది వీలు కల్పిస్తుంది. స్పీకర్ దానిపై మంత్రి వివరణ కోరవచ్చు. దీనికి ఫోటోలు, వినికిడి మాటలు చాలవు, ప్రభుత్వపు కాగితమే చూపాలి. 1957లో జీవిత బీమా సంస్థ డబ్బును హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీలలో పెట్టిన వ్యవహారం లోక్‌సభలో ప్రశ్నలతోనే బయటపడింది, విచారణ తరువాత 1958లో ఆర్థిక మంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఆనాడు స్పీకర్ స్థానంలో ఉన్నది మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అన్న సంగతి ఇక్కడి పిల్లలకు తెలియాలని నా కోరిక.

5. 3 నెలలు దాటాక రాయండి, దాటకముందు కాదు

గడువు ముగిసిన తరువాత మీ ఎంపీకి, హామీల కమిటీ అధ్యక్షునికి ఒకే ఉత్తరం పంపండి. ఉత్తరంలో ప్రశ్న నంబరు, తేదీ, మంత్రి పలికిన ఆ ఒక్క వాక్యం యథాతథంగా, గడువు ముగిసిన తేదీ, క్షేత్రంలో నేటి పరిస్థితి రెండు వాక్యాలలో ఉంటే చాలు. శాఖ గడువు పెంచమని అడిగి ఉండవచ్చు, లేదా హామీని జాబితా నుంచి తొలగించమని కూడా కోరవచ్చు. తొలగింపు గురించి తెలిస్తే వెంటనే అభ్యంతరం రాయండి. ఒకసారి తొలగించాక మళ్లీ మొదటి నుంచి ప్రశ్న వేయించుకోవాలి.

గడువు పొడిగింపు అడిగారో లేదో తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం కింద ఆ శాఖకు 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేయవచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. అయితే కమిటీకి సమర్పించిన కాగితాల ప్రతులు అడిగితే సభా హక్కుల పేరుతో నిరాకరించగలరు. అందువల్ల “ఈ హామీ అమలుకు ఏ తేదీన ఏ చర్య తీసుకున్నారు?” అని శాఖ చేసిన పని గురించే అడగండి.

6. శాఖ పనితీరు మొత్తం సమస్య అయితే స్థాయీ సంఘానికి వెళ్లండి

ఒక్క మాట కాదు, శాఖ పద్ధతే తప్పుగా ఉందనుకుంటే హామీల కమిటీ చాలదు. శాఖల పనిని పరిశీలించే పార్లమెంటు కమిటీలైన శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993లో 17తో మొదలై 2004 నుంచి 24 అయ్యాయి. ఒక్కోదానిలో లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10, మొత్తం 31 మంది సభ్యులుంటారు. మంత్రులు సభ్యులు కాలేరు. రైల్వేలకు ఒకటి, వ్యవసాయం, పశుపోషణ, ఆహారశుద్ధి పరిశ్రమలకు ఒకటి, రవాణా, పర్యాటకం, సంస్కృతికి ఒకటి ఉన్నాయి. సంఘంలో ఆంధ్రప్రదేశ్ ఎంపీ ఎవరైనా ఉన్నారేమో చూడండి. మీ సొంత ఎంపీ కంటే ఆ సంఘం సభ్యుడే ఇక్కడ ఎక్కువ ఉపయోగపడతారు.

రాయడానికి మంచి కాలాలు రెండు. బడ్జెట్ తరువాత సభ విరామంలో స్థాయీ సంఘాలు శాఖల పద్దులను, అంటే ఖర్చుకు అవి అడిగిన మొత్తాలను, పరిశీలిస్తాయి. దానికి ముందే, అంటే జనవరి నాటికి, మీ కాగితం చేరాలి. రెండవది, సంఘం ఏదైనా బిల్లు మీద లేదా అంశం మీద ప్రజల అభిప్రాయం కోరుతూ ప్రకటన ఇచ్చినప్పుడు. ఆ ప్రకటనలో చెప్పిన గడువు, భాష, ప్రతుల సంఖ్య అక్షరాలా పాటించండి.

మేము మొదటిసారి రాసిన వినతిపత్రం నాలుగు పేజీలు, అందులో అయిదు సమస్యలు, మొత్తం తెలుగులో. దానికి ఉలుకూ పలుకూ లేదు. మరుసటి ఏడు ఒక్క పేజీలో, ఇంగ్లీషులో, ఒక్క సమస్య రాశాం. చివర కార్యదర్శిని అడగదగిన మూడు ప్రశ్నలు జోడించాం. అందుకున్నట్టు జవాబు వచ్చింది. సభ్యునికి మన బాధ వర్ణన కంటే సమావేశంలో చదివి అడగడానికి తయారుగా ఉన్న ప్రశ్న కావాలి. ఈ సంగతి తెలుసుకోవడానికి మాకు ఒక సంవత్సరం పట్టింది, మీకు పట్టనవసరం లేదు.

ఒక గట్టి హెచ్చరిక. కమిటీకి సమర్పించిన వినతిపత్రం కమిటీ రికార్డులో భాగమై రహస్యంగా ఉంటుంది. దాన్ని పత్రికలకు ఇవ్వడం, వాట్సాప్ గ్రూపుల్లో పంచడం సభా హక్కుల ఉల్లంఘన కిందికి రావచ్చు. సమస్య గురించి బయట ఎంతైనా మాట్లాడవచ్చు, కమిటీకి పంపిన ఆ కాగితాన్ని మాత్రం బయట పెట్టకండి.

మరొక పొరపాటు సంప్రదింపుల కమిటీని స్థాయీ సంఘంగా భావించడం. శాఖ సంప్రదింపుల కమిటీకి అధ్యక్షత వహించేది ఆ మంత్రే. అక్కడ మంత్రి ఎదురుగానే ఉంటారు కనుక అదే మంచిదనిపిస్తుంది, కాని అది సభకు నివేదిక సమర్పించదు, అందువల్ల అక్కడి మాటను తరువాత పట్టుకోలేరు. జిల్లా స్థాయిలో కేంద్ర పథకాల అమలు మీద అడగాలంటే, ఎంపీ అధ్యక్షతన జరిగే దిశ కమిటీ సమావేశం దగ్గరి దారి.

7. నేరుగా సభకే విన్నవించాలంటే పిటిషన్

లోక్‌సభ పిటిషన్ల కమిటీలో 15 మంది సభ్యులు. పిటిషన్ సభను ఉద్దేశించి రాయాలి, చివర ఏం కోరుతున్నారో స్పష్టంగా చెప్పాలి, సంతకం చేసిన ప్రతివారి పూర్తి పేరు, చిరునామా ఉండాలి, అక్షరం రానివారు వేలిముద్ర వేయవచ్చు. తెలుగులో రాస్తే హిందీ లేదా ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. ఉత్తరాలు, అఫిడవిట్లు, ఇతర పత్రాలు పిటిషన్‌కు జతచేయరాదు. ఆధారాలు ఎక్కువ ఉంటే మంచిదని కట్టలు కట్టి పంపినవారి పిటిషన్లు ఈ ఒక్క కారణంతోనే ఆగిపోతాయి. సభ్యుడు సమర్పిస్తే ఆయన సంతకం కూడా ఉండాలి. మంత్రిని తిట్టే మాట ఒక్కటి ఉన్నా నిబంధన ప్రకారం అది చెల్లదు. కోపం న్యాయమైనదే కావచ్చు, కాని ఈ కాగితంలో దానికి చోటు లేదు.

8. ఫలితం వచ్చిందో లేదో ఇలా చూడండి

స్థాయీ సంఘం నివేదిక సభకు వచ్చాక సిఫారసులు చదివి, మీ విషయం ఉన్న పేరా నంబరు రాసుకోండి. ప్రభుత్వం 3 నెలల్లో జవాబివ్వాలి. ఆపై సంఘం చర్యల నివేదిక అనే రెండో నివేదిక ఇస్తుంది. దీనిలో అయిదు అధ్యాయాలుంటాయి, మీ పేరా ఎక్కడ పడిందన్నదే ఫలితం. మొదటిది సంఘం వ్యాఖ్యలు. రెండో అధ్యాయంలో ఉంటే ప్రభుత్వం అంగీకరించింది. మూడో దానిలో ఉంటే, ప్రభుత్వ జవాబు చూశాక సంఘం ఇక పట్టుపట్టలేదు. నాలుగో దానిలో ఉంటే జవాబు సంఘానికి నచ్చలేదు. అయిదో దానిలో ఉంటే తుది జవాబు ఇంకా రాలేదు.

రెండో అధ్యాయం చూసి చాలామంది పని అయిపోయిందనుకుంటారు. అంగీకరించడం వేరు, అమలు వేరు. అంగీకరించిన తరువాత అమలు ఎంతవరకు వచ్చిందో మంత్రి 6 నెలలకు ఒకసారి సభలో ప్రకటించాలని స్పీకర్ 73ఎ ఆదేశం చెబుతోంది. కార్యదర్శి వెనుక ఉండిపోయిన మంత్రి తానే లేచి చెప్పవలసిన ఘట్టం ఇదే కనుక ఆ ప్రకటనను తప్పక దించుకుని, స్టేషనులో, తోటలో, రోడ్డు మీద కనిపించే నిజంతో పోల్చండి. తేడా ఉంటే ఆ ప్రకటనే మీ తరువాతి ప్రశ్నకు ఆధారం, మళ్లీ మూడో మెట్టు నుంచి మొదలు.

నాలుగో, అయిదో అధ్యాయాలలో పడిన పేరాలకు వెంటనే రాయాలి. స్థాయీ సంఘాలు సాధారణంగా ఏడాదికోసారి కొత్తగా ఏర్పడతాయి, కొత్త సభ్యులకు పాత సంగతి తెలియకపోవచ్చు. కొత్త జాబితా వచ్చిన వారంలోనే పాత నివేదిక నంబరు, పేరా నంబరు, అధ్యాయం పేర్కొంటూ ఒక పేజీ ఉత్తరం అధ్యక్షునికి, ఆంధ్రప్రదేశ్ సభ్యులకు పంపండి. పంపిన తేదీని, రిజిస్టర్డ్ పోస్టు రసీదును నోటుపుస్తకంలోనే అతికించి ఉంచండి.